చల్లని చర్మం

దురదకు కులం లేదు, మతం లేదు, పార్టీ లేదు. అందుకే ప్రభుత్వం చాలాకాలం దాని జోలికి పోలేదు. చివరికి ఎవరో తెలివైనవాడు, సిరా చుక్క పెట్టించుకునే వేలు కూడా గోక్కుంటుందన్న సంగతి పైవాళ్ళ చెవిన వేశాడు. వెంటనే 'చల్లని చర్మం' అనే పథకం పుట్టింది. ఎగ్జిమాతో తీవ్రంగా బాధపడేవాళ్ళందరికీ, ఎంత ఖరీదైనా సరే, కొత్తగా వచ్చిన ఇంజెక్షను ఉచితంగా ఇస్తారు. ఊరూరా గోడల మీద నున్నటి చెయ్యి ఊపుతున్న ఓ పాప బొమ్మ వేయించారు. ఆ పాపకు ఎగ్జిమా లేదు. ఉన్న పాపలు బొమ్మకు పనికిరారట.

పథకంలో అంతా బాగానే ఉంది, 'తీవ్రంగా' అన్న ఒక్క మాట తప్ప. ఎవరిది తీవ్రమో ఎవరిది కాదో తేల్చడానికి రాజమండ్రిలో చర్మవ్యాధి తీవ్రతా నిర్ధారణ మండలి అని ఒకటి వేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారికి పెద్ద ఏసీ హాలూ, పేరు రాసిన కారూ, అటెండర్లూ కూడా ఇచ్చారు.

గుత్తుల అబ్బులు ఈ పథకం గురించి బస్సులోనే విన్నాడు. అతను మండపేట నుంచి కాకినాడ పోయే బస్సులో కండక్టరు. నోరున్నవాడు, రూల్సు తెలిసినవాడు. మేకపిల్లకు టికెట్టు కొట్టాలా వద్దా, బస్సెక్కిన అరటిగెల లగేజీయా కాదా అన్న తగువులు నిలబడ్డచోటే తీర్చేస్తాడు. అలాంటివాడికి ఇంట్లో ఆరేళ్ళ కూతురు మోక్షిత దగ్గర మాత్రం ఏ రూలూ పనిచేసేది కాదు. పుట్టిన ఏడాదికే ఆ పిల్లకు ఎగ్జిమా మొదలైంది. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ, వీపు మీద చర్మం ఎర్రగా కంది, పొలుసులు లేచి, గోకీ గోకీ మందమైపోయింది. పగలు ఎలాగో ఆటల్లో పడి మరిచిపోయేది. రాత్రయితే నిద్ర ఉండేది కాదు. తల్లి నాగవేణి పిల్ల గోళ్ళు కురచగా కత్తిరించి, చేతులకు పాత మేజోళ్ళు తొడిగి, పక్కన కూర్చుని విసురుతూ ఉండేది. ఆమె చేతులు పడిపోయాక విసనకర్ర అబ్బులు అందుకునేవాడు. ఎండాకాలం వస్తే చెమటకు దురద రెట్టింపయ్యేది. బళ్ళో పిల్లలు గజ్జి అంటూ దూరం జరిగేవారు. ఇది అంటుకునే జబ్బు కాదని నాగవేణి బడికెళ్ళి చెప్పి వచ్చింది. టీచర్లు అంతా విని, తలలూపి, పిల్లను కిటికీ పక్కన ఒంటిబల్ల మీదే ఉంచారు.

నాగవేణి కోరిక పెద్దదేమీ కాదు. పిల్ల పెద్ద చదువులు చదవాలనీ, విమానాలెక్కాలనీ ఆమె ఇంకా అనుకోలేదు. ఒక్క రాత్రి తెల్లారేదాకా ఒళ్ళెరక్కుండా నిద్రపోతే చాలనుకుంది.

ప్రభుత్వాసుపత్రిలో చర్మ డాక్టరు సుభాషిణి మోక్షితను అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్ల అరచెయ్యే పట్టుకుని మచ్చల మీద కొలుచుకుంటూ పోయింది. ఎవరి అరచెయ్యి వాళ్ళ ఒంట్లో సుమారు నూటికో వంతు ఉంటుందనీ, పిల్లలైనా పెద్దలైనా అదే లెక్కనీ చెప్పింది. ఎరుపెంత, మందమెంత, గోకిన గీతలెంత, దురద పదికి ఎంత, చెడిన నిద్ర పదికి ఎంత అని అన్నీ కలిపి స్కోరు వేసింది. రక్తం తీయించింది. అలర్జీని పట్టిచ్చే ఐజీఈ అన్నది ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. స్కోరు నూటికి డెబ్బై వచ్చింది. యాభై దాటితే ఇంజెక్షనిస్తారు. మండలికి పంపడం నామమాత్రమేననీ, వారం తిరిగేసరికి మంజూరై వస్తుందనీ ఆవిడ ధైర్యం చెప్పింది. డాక్టరమ్మ కొత్తగా ఉద్యోగంలో చేరింది, పాపం.

మండలి అధ్యక్షుడు డాక్టర్ ఏకాంబరేశ్వరరావు ఆరడుగులు దాటిన మనిషి. చెయ్యి చాపితే అరిటాకు వేసినట్టుండేది. ఆయన పక్కన కార్యదర్శి పానకాలు కూర్చునేవాడు. పాతికేళ్ళు పాత ఫైళ్ళ దుమ్ములో బతికి, పొద్దున్న తుమ్మడం మొదలెడితే సాయంత్రం ఆఫీసు మూశాకే ఆపేవాడు. మోక్షిత కాగితాలు చూస్తూ చూస్తూ అధ్యక్షుడు ఒకచోట ఆగిపోయాడు.

"ఈ వైశాల్యం ఎవరి అరచేత్తో కొలిచారు?"

పిల్ల అరచేత్తోనే కొలిచానని, కాగితాలతో పాటు వచ్చిన సుభాషిణి చెప్పింది. ప్రపంచమంతా అలాగే కొలుస్తారని కూడా అంది. ప్రపంచం మాట ఎత్తకుండా ఉండాల్సింది.

"అభ్యర్థి చేత్తో అభ్యర్థినే కొలవడమా? ఇది పరీక్ష రాసినవాడి చేత పేపరు దిద్దించడం లాంటిది కాదా? గజానికి ఒక పొడవు ఉన్నది. కిలోకు ఒక బరువు ఉన్నది. అరచేతికి మాత్రం ఈ రాష్ట్రంలో అరాచకం రాజ్యమేలుతున్నది."

అంతే, ప్రామాణిక అరచెయ్యి ఒకటి ఉండాలని తీర్మానమైంది. అది ఎవరిదై ఉండాలన్న దాని మీద మాత్రం చర్చ చాలా లోతుగా జరిగింది. సామాన్య పౌరుడి అరచెయ్యి తీసుకుందామంటే, సామాన్యుడని ఏ అధికారి ధ్రువీకరించాలో తెలియలేదు. మంత్రిగారిది తీసుకుందామంటే, మంత్రులు మారినప్పుడల్లా రోగాలు పెరిగి తగ్గుతాయని పానకాలు తుమ్ముల మధ్య హెచ్చరించాడు. చివరికి సభ్యుల ఒత్తిడి మీద, తనకు ఇష్టం లేకపోయినా, అధ్యక్షుడు తన కుడిచెయ్యి చాపాడు. దాన్ని కొలతలు తీసి టేకు చెక్కతో చేయించారు. మణికట్టు దగ్గర ఇత్తడి ముద్ర వేశారు. నకళ్ళు ఆసుపత్రులన్నిటికీ వెళ్ళాయి. ఆయుధపూజ నాడు కొన్నిచోట్ల వాటికి పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కూడా కోశారు.

మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చింది. ఊళ్ళో విగ్రహాలకు ముసుగులు వేస్తున్న రోజులు. ఈ చెయ్యి చూసి ఓటర్లకు మరేదైనా గుర్తొస్తే మాటొస్తుందని పానకాలు భయపడి, చేతులన్నిటికీ మందపాటి దుప్పటి గుడ్డ చుట్టించాడు. ఆ నెలంతా గుడ్డతోనే కొలిచారు. అరచెయ్యి లావెక్కిన కొద్దీ జిల్లాలో ఎగ్జిమా తగ్గిందని పేపర్లలో వచ్చింది.

కోడ్ ఎత్తేశాక మోక్షిత వంతు వచ్చింది. చెక్క చెయ్యి పిల్ల వీపు మీద పెడితే వీపు సగం కనబడలేదు. మచ్చలకు ఎన్ని అరచేతులు పట్టాయో రాసుకున్నాక, లెక్క సరిచూసుకోవడానికి పానకాలు పిల్లను మొత్తం కొలిచాడు. తల నుంచి పాదం దాకా కలిపి నలభై అరచేతులకు పిల్ల అయిపోయింది. ఒక్కో అరచెయ్యి నూటికొకటి కాబట్టి, ఆ పిల్ల మొత్తం నలభై శాతమే ఉంది.

"మరి తతిమ్మా అరవై ఏదండి?" అని నాగవేణి అడిగింది.

"అది ఇంకా రావాలమ్మా. ఎదిగే పిల్ల కదా," అన్నాడు పానకాలు. ఆ మాటలో వెటకారం లేదు. అతను ఫైలును మనస్ఫూర్తిగా నమ్మే మనిషి.

వైశాల్యం సగానికి పైగా పోయింది. దురదకూ, చెడిన నిద్రకూ రుజువు లేదని ఆ మార్కులు పక్కన పెట్టారు. స్కోరు నలభయ్యారుకు దిగింది. యాభై దాటలేదు కనుక వ్యాధి తీవ్రం కాదు. ఇందుమూలముగా తెలియజేయడమైనది.

నాగవేణి ఏడ్చింది. అబ్బులు ఏడవలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, బస్సులో నాలుగు రోజులు ఆలోచించాడు. అయిదో రోజున ద్వారపూడి దగ్గర ఒకామె పిల్లవాడికి అర టికెట్టు తీసుకుంటుంటే అతనికి దారి దొరికింది. సెలవు పెట్టి, అప్పీలు రాసుకుని, రాజమండ్రి వెళ్ళాడు.

"అయ్యా, బస్సులో చిన్నపిల్లలకి అర టికెట్టేనండి. టికెట్టు సగమైనా సీటు మాత్రం ఫుల్లుగా ఇస్తామండి. తమరి లెక్కలో కూడా పిల్ల సగం మనిషేనని తేలింది కదండీ. అలాంటప్పుడు యాభై దాటాలన్న రూలు కూడా సగమవ్వాలి కదండి. పాతిక దాటితే చాలు. మాకు నలభయ్యారుందండి."

అబ్బులుకు తోడుగా వచ్చిన సుభాషిణి కళ్ళు మెరిశాయి. అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంత హేతుబద్ధమైన వాదన ఈ మండలి ముందుకు ఇదివరకు రాలేదని మెచ్చుకున్నాడు. బాలబాలికలు అర్ధ అభ్యర్థులు అన్న సూత్రాన్ని మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ ప్రకారం దాటాల్సిన గీత యాభై నుంచి పాతికకు తగ్గింది. అర్ధ అభ్యర్థికి వచ్చిన మార్కులు కూడా అర్ధమే లెక్కకొస్తాయి కనుక నలభయ్యారు ఇరవై మూడయింది.

అబ్బులు తల గోక్కుంటూ బయటికొచ్చాడు. తన జీవితంలో అన్ని వాదనలూ గెలిచాడు కానీ, గెలిచి ఓడడం ఇదే మొదలు. రెండు మార్కులే కదా తక్కువ అని సుభాషిణి అంది. రక్తపరీక్షకు అదనంగా అయిదు మార్కులున్నాయట. పిల్ల రక్తం చూస్తే ఎవరికైనా నోట మాట రాదట. ఇంకో అప్పీలు పడింది.

రక్తం రిపోర్టు చూసి మండలికి నిజంగానే నోట మాట రాలేదు. చర్మమేమో వ్యాధి తక్కువంటోంది, రక్తమేమో ఎక్కువంటోంది. ఇద్దరు సాక్షుల మాట పొంతన లేకుండా ఉన్నప్పుడు ఒకరు అబద్ధం చెబుతున్నట్టే. చర్మాన్ని ముద్ర వేసిన చేత్తో కొలిచారు కాబట్టి అది అబద్ధమాడదు. ఇక మిగిలింది రక్తం.

"రక్తం ఎవరిది? అభ్యర్థిదే కదా," అన్నాడు అధ్యక్షుడు. "సొంత మనిషి పక్షాన మాట్లాడడం రక్తానికి స్వాభావికం. నిష్పాక్షికమైన రక్తంతో పోల్చి చూడవలసి ఉన్నది."

ఈ కేసుతో ఏ సంబంధమూ లేని రక్తం కావాల్సి వచ్చింది. పానకాలుకు పిల్లలు లేరు, ఎగ్జిమా లేదు, ఏ విషయం మీదా సొంత అభిప్రాయం లేదు. అంతకంటే నిష్పాక్షికుడు జిల్లాలో దొరకడని అతని చెయ్యి పట్టుకుని రక్తం లాగారు. పాతికేళ్ళ ఫైళ్ళ దుమ్ము ఊరికే పోతుందా? పానకాలు ఐజీఈ పిల్లదానికంటే ఎక్కువొచ్చింది. పానకాలు రోజూ డ్యూటీకి వస్తున్నాడు, అన్నం తింటున్నాడు, అతని చర్మం మీద మచ్చ లేదు. కనుక అతని రక్తం ఆరోగ్యవంతమైన రక్తం. దాన్నే ప్రామాణిక రక్తంగా తీర్మానించి, అంతకంటే తక్కువున్నవాళ్ళకు రక్తదోషం లేనట్టేనని రాశారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. ఇక్కడ ఆ మూడు కాళ్ళనూ కొలిచి సీలు కూడా వేశారు.

పానకాలుకు మందులు రాసిస్తానని సుభాషిణి అతన్ని వరండాలోకి పిలిచి రహస్యంగా చెప్పింది. తన తుమ్ములు తగ్గితే రాష్ట్రంలో ప్రామాణిక రక్తం మారిపోతుందని, వద్దమ్మా, సర్వీసులో మచ్చ పడుతుందని అతను దణ్ణం పెట్టాడు.

ఇక మిగిలింది దురదా, నిద్రా. ఈ రెంటికీ మార్కులు కావాలంటే మండలి కళ్ళారా చూడాలి. దురద అని నోటితో చెబితే అది అభ్యర్థి ఆరోపణ మాత్రమే అవుతుంది. నిద్ర పట్టదన్నదీ అంతే. అది ఇంట్లో, చీకట్లో, మండలి పరోక్షంలో జరుగుతోంది. కాబట్టి అభ్యర్థి మండలి సమక్షంలో, పనివేళల్లో, పూర్తిగా ఒక దినం హాజరై నిద్రపోకుండా చూపవలెను.

"పగలు అందరం మెలకువగానే ఉంటాం కదండి," అన్నాడు అబ్బులు.

అధ్యక్షుడు ఎడంపక్క బల్ల దగ్గర కునుకు తీస్తున్న గుమాస్తాల వైపు ఒకసారి చూసి, ఆ విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి అన్నాడు.

మే నెలలో ఆ రోజు వచ్చింది. రాజమండ్రి ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది? బస్టాండు నుంచి మండలి ఆఫీసుకు నడిచేసరికి మోక్షిత ఒళ్ళంతా చెమట పట్టి, రెండు చేతులతోనూ మెడ గోక్కుంటూ ఏడుస్తోంది. ముందు రాత్రి పిల్ల కన్ను మూయలేదు. ఈ రోజు నిద్రపోకూడదమ్మలూ, నిద్రపోకపోతే ఇంజెక్షనిస్తారు అని నాగవేణి దారంతా నూరిపోసింది. జీడిపాకం కొని పెట్టింది. కథ చెబుతానంది. అబ్బులు బస్సులోంచి టికెట్లు కొట్టే పాత పంచ్ తెచ్చాడు, పిల్లకు అదంటే సరదా అని.

హాలు తలుపు తీసేసరికి చల్లటి గాలి మొహాన కొట్టింది. అధ్యక్షుడు ఎండాకాలంలోనూ కోటు వేసుకునే మనిషి కావడంతో ఏసీ ఎప్పుడూ గట్టిగానే ఉండేది. మోక్షితను గోడ పక్కన మెత్తటి సోఫాలో కూర్చోబెట్టారు. పానకాలు ఎదురుగా కుర్చీ వేసుకుని, కలం మూత తీసి కూర్చున్నాడు. పిల్ల ఒంటి మీద చెమట ఆరింది. మెడ మీది చెయ్యి కిందికి దిగింది. పంచ్‌తో నాలుగు కాగితాలకు బొక్కలు పెట్టింది. కథలో రాకుమారుడు గుర్రం ఎక్కకముందే తల ఒక పక్కకు వాలిపోయింది.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు. అయిదేళ్ళ నిద్ర బాకీ ఆ పిల్ల మీద ఒక్కసారి పడింది.

పానకాలు కలం కాగితం మీదికి వంగింది. సెలవు పెట్టి వచ్చిన సుభాషిణి అబ్బులు చెవి దగ్గర గొంతు తగ్గించి అంది, "లేపండి అబ్బులుగారూ. ఈ మార్కులొస్తే గండం గట్టెక్కినట్టే."

అబ్బులు పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయాడు. మోక్షిత రెండు చేతులూ సోఫా మీద వెల్లకిలా పడున్నాయి. వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. నిద్రలో ఆ వేళ్ళు విచ్చుకుని ఉండగా అతనెప్పుడూ చూడలేదు. ఎప్పుడు చూసినా మేజోళ్ళలో గోకడానికి వంగి ఉండేవి. చిన్న చెయ్యి. చెక్క చెయ్యి పక్కన పెడితే చిటికెనవేలంత ఉంటుంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దండి. పడుకోనివ్వండి."

నాగవేణి కూడా లేపమనలేదు. కొంగు తీసి పిల్లకు కప్పింది. సాయంత్రం ఆఫీసు మూసేదాకా మోక్షిత కదల్లేదు, గోకలేదు. నిద్రలేమి సున్న, దురద సున్న అని పానకాలు గుండ్రంగా రాసి, అబ్బులు చేత సంతకం పెట్టించాడు. అభ్యంతరముంటే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చునని అలవాటు ప్రకారం చెప్పాడు.

ఇంటికి చేరేసరికి మళ్ళీ దురద మొదలైంది. అబ్బులు అరుగు మీద కూర్చుని తనను తాను తిట్టుకుంటున్నాడు. ఒక్క పిలుపు పిలిస్తే పిల్ల లేచేది. రెండు మార్కులు వచ్చేవి. తండ్రన్నవాడు చెయ్యాల్సిన పని అదే కదా అనుకున్నాడు. నాగవేణి లోపలి నుంచి వచ్చి పక్కన కూర్చుంది.

"అప్పీలు పెట్టవయ్యా."

"ఎందుకే? మళ్ళీ కొట్టేస్తారు."

"కొట్టేస్తే కొట్టేసుకోనీ. విచారణకి రమ్మంటారా లేదా? పొద్దున్నించి సాయంత్రం దాకా హాల్లో కూర్చోబెడతారా లేదా?"

అబ్బులు పెళ్ళాం మొహం కేసి చూశాడు. రోజుకు వందమందికి చిల్లర లెక్క చెప్పే తన బుర్రకు తట్టని లెక్క ఆమెకు తట్టింది.

మర్నాడే అప్పీలు పడింది. అది కొట్టేశారు. ఇంకోటి పడింది. ప్రతి అప్పీలుకూ కొత్తగా పరిశీలన జరగాలని నిబంధన. సుభాషిణి ఆసుపత్రికి వచ్చే తల్లులందరికీ మందుచీటీతో పాటు అప్పీలు రాసివ్వడం మొదలెట్టింది. మందుచీటీలో ఉన్నది మందుల షాపులో దొరకదు, అప్పీలుకు మాత్రం విచారణ తప్పకుండా దొరుకుతుంది. జూన్ వచ్చేసరికి కపిలేశ్వరపురం నుంచి, అనపర్తి నుంచి, రాజానగరం నుంచి పిల్లలొచ్చారు. సోఫాలు చాల్లేదు. తల్లులు చాపలు తెచ్చుకున్నారు. వేరుసెనక్కాయలు అమ్మే అతను గేటు దగ్గరికి మకాం మార్చాడు. ఒంటిమామిడి నుంచి వచ్చిన ఒక ముసలాయన తనకూ కాళ్ళకు ఎగ్జిమా ఉందని చెప్పి పిల్లల మధ్య పడుకుని, గురక పెట్టాడని తల్లులు బయటికి పంపించేశారు.

పానకాలులో కూడా ఏదో మార్పు వచ్చింది. తుమ్ము రాబోతుంటే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వరండాలోకి పరిగెత్తేవాడు. ఫోను మోగితే ముందు దాని గొంతు నొక్కి, తర్వాత ఎవరని అడిగేవాడు. హాల్లో చెప్పులతో నడవరాదని బోర్డు పెట్టించాడు. రిజిస్టరులో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసేవాడు. అందరికీ నిద్రలేమి సున్న, దురద సున్న.

ఆ సున్నలన్నీ కలిపి అధ్యక్షుడు రాజధానికి నివేదిక పంపించాడు. మండలి ఎదుట హాజరైన అభ్యర్థుల్లో ఒక్కరిలో కూడా దురద గాని నిద్రలేమి గాని కనబడలేదనీ, మండలి చొరవ వల్ల తీవ్రమైన ఎగ్జిమా ఈ ప్రాంతంలో పూర్తిగా నిర్మూలన అయిందనీ, ఒక్క ఇంజెక్షను కూడా కొనవలసిన అవసరం రాలేదనీ అందులో రాశాడు. రాజధాని పొంగిపోయింది. అధ్యక్షుడికి ప్రశంసాపత్రం వచ్చింది. దాంతో పాటే ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది.

దాన్ని చదవడానికి అధ్యక్షుడు మైకు పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఎక్కడ చూసినా నిద్రపోతున్న పిల్లలే. పానకాలు నోటి మీద వేలు పెట్టి సైగ చేశాడు. అధ్యక్షుడు జన్మలో మొదటిసారి మైకు పక్కన పెట్టి, నెమ్మదిగా చదివాడు. లక్ష్యం సంపూర్ణంగా నెరవేరిన కారణంగా మండలిని నేటి నుంచి రద్దు చేస్తున్నారు. రిజిస్టర్లు సీలు చేసి పంపవలెను. విద్యుత్తు వృథా కాకుండా హాలు తక్షణం మూసివేయవలెను.

"ఈ గదేం చేస్తారండి?" అని నాగవేణి అడిగింది.

"తాళం వేస్తామమ్మా."

"మీ ఇళ్ళల్లో మీ పిల్లలు రాత్రుళ్ళు నిద్రపోతారా అండి?" అంది ఆమె. అధ్యక్షుడు ఆ ప్రశ్న తన పరిధిలోకి రాదన్నట్టు కాగితం మడిచాడు.

పానకాలు రిజిస్టరుకు లక్క వేసి సీలు కొట్టాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, స్విచ్చు మీద వేలు పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. అధ్యక్షుడు దగ్గాడు. పానకాలు కళ్ళు మూసుకుని స్విచ్చు నొక్కేశాడు.

ఏసీ రొద ఆగిపోయింది. అన్నాళ్ళుగా ఆ రొద ఉందని కూడా ఎవరికీ తెలియలేదు. గాలి బిగిసింది. కాసేపటికి మూల చాప మీది పిల్లవాడు కదిలాడు. గోళ్ళు చర్మం మీద గీరుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత పక్క పిల్ల. తర్వాత సోఫాలో ఇద్దరు. కాసేపట్లో హాలంతా అదే చప్పుడు. పిల్లలు లేచి కూర్చుని, నిద్రకళ్ళతో, ఏడుస్తూ, మెడలూ మోచేతులూ మోకాళ్ళూ గోక్కుంటున్నారు. ఒక పసిదాని మోచెయ్యి మీద నెత్తురు చిమ్మింది. మండలి కళ్ళారా చూడాలన్నది ఇన్నాళ్ళకు మండలి కళ్ళెదుట పడింది.

పానకాలు ఒక్క ఉదుటున కలం తీసుకుని రిజిస్టరు వైపు వంగాడు. లక్క ఇంకా వేడిగానే ఉంది.

"ఆగవయ్యా," అన్నాడు అధ్యక్షుడు. "మండలి రద్దయినది. మనం ఇప్పుడు ఏమి చూసినా చూసినట్టు కాదు."

మోక్షిత కూడా లేచింది. వీపు మధ్యలో దురద, చెయ్యి అందడం లేదు. అటూ ఇటూ చూసి, బల్ల మీదున్న టేకు చెయ్యి రెండు చేతులతో ఎత్తి, మెడ వెనక నుంచి దించి, కసిగా గోక్కుంది. తయారైన ఇన్నాళ్ళకు ఆ చెయ్యి ఒకరికి పనికొచ్చింది. అధ్యక్షుడు అది ప్రభుత్వ ఆస్తి అనబోయి, కోటు గుండీ విప్పుకున్నాడు. అబ్బులు వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. పిల్ల ఒళ్ళు అప్పుడే వేడెక్కుతోంది.

"అప్పుడే అయిపోయిందా నాన్నా?" అంది మోక్షిత అతని మెడలో మొహం పెట్టి. "మళ్ళీ అప్పీలెప్పుడు?"